ముఖం మీద రాసి ఉంటుందా?

"వాడి వాలకం చూస్తేనే తెలుస్తోంది." "దొంగ మొహం వేసుకుని తిరుగుతున్నాడు." "చూడ్డానికి పెద్దమనిషిలా ఉన్నాడు, ఇంత పని చేశాడంటే నమ్మబుద్ధి కావడం లేదు." మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర, టీ కొట్ల దగ్గర రోజూ వినపడే మాటలివి. అనేవాళ్ళకు ఇందులో తప్పేమీ కనపడదు. కానీ మిత్రులారా, ఈ మాటల వెనక ఒక పెద్ద తీర్పు ఉంది. నేరం అనేది మనిషి చేసే పనిలో కాక అతని మొహంలో, ఒంటి రంగులో, కట్టుకున్న బట్టలో, పుట్టిన కులంలో ఉంటుందన్నదే ఆ తీర్పు. సాక్ష్యం తర్వాత చూసుకోవచ్చు, ముందు మొహం చూడండి అన్నట్టు నడుస్తోంది లోకం.

పేపర్లలో ఫోటోలు గమనించారా? సెల్‌ఫోన్ దొంగతనం చేశాడని పట్టుకున్న కుర్రాడిని మొహానికి నల్లగుడ్డ కప్పి, వరసగా నిలబెట్టి, ముందు బల్ల మీద ఫోన్లు పేర్చి ప్రెస్‌మీట్ పెడతారు. బ్యాంకుకు వందల కోట్లు ఎగ్గొట్టిన ఆసామి వార్త వస్తే మాత్రం సూటూ బూటూ వేసుకుని నవ్వుతున్న ఫోటో వేస్తారు. ఇద్దరూ చట్టం ముందు నిందితులే. కానీ ఒకరు నిందితుడిలా "కనిపిస్తారు", ఇంకొకరు కనిపించరు.

ఈ వార్షికోత్సవ సంచికకు హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్ళు ఎటూ చాలామంది ఉంటారు. నీళ్ళచారు గురించి, ఆదివారం కోడిగుడ్డు గురించి మాకంటే బాగా రాసే తమ్ముళ్ళు ఉన్నారు. ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ పట్టా పట్టుకున్నవాళ్ళం, ఇప్పుడు పీజీ చదువుతున్నవాళ్ళం కనుక మేము చదివింది, చూసింది కొంత చెప్పాలనిపించింది.

మొహాన్ని బట్టి నేరస్తుడిని గుర్తుపట్టవచ్చని "శాస్త్రం" పేరుతో చెప్పినవాడు ఇటలీ దేశపు వైద్యుడు సెసారె లాంబ్రోసో. 1876లో ఆయన పుస్తకం వచ్చింది. జైళ్ళలోని ఖైదీల పుర్రెలు, దవడలు, చెవులు కొలిచి, కొందరు పుట్టుకతోనే నేరస్తులని, వాళ్ళు మానవ పరిణామంలో వెనకబడిన దశకు చెందినవాళ్ళని తేల్చేశాడు. 1913లో చార్లెస్ గోరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు సుమారు మూడువేల మంది ఖైదీలను కొలిచి, నేరస్తులకంటూ ప్రత్యేకమైన శరీరాకృతి ఏదీ లేదని పుస్తకం వేశాడు. అయినా లాంబ్రోసో ఆలోచన చావలేదు. చదువుకున్నవాళ్ళ బుర్రల్లోనే ఎక్కువ కాలం బతికింది.

మన దేశంలో దొరలు అంతకు ముందే ఇంకో మెట్టు పైకి వెళ్ళారు. ఒక్కొక్కడి మొహం చూడడం కూడా దండగ అనుకున్నారేమో, మొత్తం కులాలకు కులాలనే నేరస్తులుగా ప్రకటించే చట్టం 1871లో తెచ్చారు. అదే క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడవుతాడు, అలాగే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది ఆ చట్టానికి చెప్పిన సమర్థన. చూడండి, మన కులవ్యవస్థనే తెల్లదొరలు ఎంత చక్కగా వాడుకున్నారో! 1911లో ఈ చట్టాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. మన ఎరుకల, యానాది, సుగాలి వంటి జాతుల వాళ్ళు అనేకచోట్ల ఆ జాబితాల్లోకి ఎక్కారు. జాబితాలో పేరుంటే వేలిముద్రలు ఇవ్వాలి. పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. ఏ నేరమూ చెయ్యకపోయినా సరే.

ఎరుకలవాళ్ళు అంతకు ముందు ఏం చేసేవాళ్ళో మనలో ఎంతమందికి తెలుసు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి లోపలి జిల్లాలకు తీసుకుపోయి, అక్కడి ధాన్యం తెచ్చి అమ్మేవాళ్ళు. ఊరూరికీ కావలసిన సరుకు మోసిన చిన్న వ్యాపారులు వాళ్ళు. రైలు వచ్చింది. ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం వచ్చింది. బేరం పోయింది. మీనా రాధాకృష్ణ అనే పరిశోధకురాలు 2001లో వేసిన పుస్తకంలో ఈ కథంతా ఉంది. బతుకుదెరువు పోయి ఊళ్ళ మీద తిరుగుతుంటే, "ఇల్లూ వాకిలీ లేకుండా తిరుగుతున్నారు కాబట్టి దొంగలే" అన్నారు. తిరుగుడే వాళ్ళ వృత్తి అన్న సంగతి మరిచిపోయారు. బతుకు లాక్కున్నవాడు దొర, దొంగ అనిపించుకున్నవాడు ఎరుకల.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, ఎరుకలవాళ్ళను తెచ్చి అక్కడ ఉంచారు. కావలిలో, సీతానగరంలో, కర్నూలు వైపు సిద్ధాపురంలో కూడా ఇలాంటి సెటిల్‌మెంట్లు నడిచాయి. పేరుకు సంస్కరణ, పద్ధతి మాత్రం బందిఖానా. స్టువర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలుగా కూడా పనికొచ్చారు. సంస్కరణ వెనకాల ఎవరి లాభం ఎంతో లెక్క కట్టుకోవచ్చు.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఈ చట్టం రద్దయింది. ఆ రోజును ఈనాటికీ విముక్త దినంగా జరుపుకుంటారు. మరి నిజంగా విముక్తి దొరికిందా? మద్రాసులో 1948కల్లా అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌కు 1962లో అలాంటి చట్టమే వచ్చింది. కాగితం మీద కులం పేరు తీసేసి మనిషి పేరు రాశారు. స్టేషన్ గోడ మీద, పోలీసు మనసులో మాత్రం పాత జాబితాయే వేలాడుతోంది. గుర్రం జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం, ఆమె భర్త లవణం గార్లు 1970ల నుంచి స్టువర్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. అంత మంది అక్కడ మామూలుగా కష్టపడి బతుకుతున్నా, పిల్లలు చదువుకున్నా, ఊరి పేరు చెబితే ఎదుటివాడి చెయ్యి జేబు మీదకు పోవడం మాత్రం ఆగలేదు.

ఆ పాపంలో మన సినిమాలకు వాటా ఉంది. 1991 ఒక్క ఏడాదిలోనే స్టువర్టుపురం పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. 2023లో మళ్ళీ అక్కడి మనిషి మీదే ఇంకో భారీ సినిమా. ఆ ఊరి నుంచి వచ్చిన టీచర్ మీదో, నర్సు మీదో సినిమా ఎందుకు రాదని అడిగేవాడు లేడు. ఇక విలన్ పక్కన తిరిగే రౌడీల రంగు చూడండి. హీరో ఎండలో ఎంత తిరిగినా తెల్లగానే ఉంటాడు. రౌడీకి మాత్రం రంగు తక్కువైతే మేకప్ వేసి మరీ నల్లగా చేస్తారు. పుట్టినప్పటి నుంచి ఇదే చూసిన కళ్ళు రేపు కానిస్టేబుల్ కళ్ళవుతాయి, సాక్షి కళ్ళవుతాయి, ఒక్కోసారి జడ్జి కళ్ళూ అవుతాయి.

జడ్జీల దాకా, జ్యూరీల దాకా పోతుందా అని అనుమానపడేవాళ్ళ కోసం అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చెబుతాం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నిఫర్ ఎబర్‌హార్ట్, ఆమె తోటివాళ్ళు 2006లో దీన్ని ప్రచురించారు. ఫిలడెల్ఫియాలో 1979 నుంచి 1999 దాకా మరణశిక్ష పడే అవకాశం ఉన్న కేసుల్లో, హతుడు తెల్లవాడు, ముద్దాయి నల్లవాడు అయినవి 44 తీసుకున్నారు. ఏ సంగతీ తెలియని విద్యార్థులకు ముద్దాయిల ఫోటోలు చూపించి, నల్లజాతి పోలికలు ఎవరిలో ఎంత ఎక్కువగా ఉన్నాయో మార్కులు వెయ్యమన్నారు. నేరం తీవ్రత వంటి మిగతా విషయాలన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత తేలిందేమిటంటే, ఆ పోలికలు తక్కువున్నవాళ్ళలో 24.4 శాతం మందికి మరణశిక్ష పడింది, ఎక్కువున్నవాళ్ళలో 57.5 శాతం మందికి పడింది. పెదవి మందం, ముక్కు వెడల్పు, ఒంటి రంగు కలిసి ఉరితాడు పొడవును నిర్ణయించాయన్నమాట. చచ్చిపోయింది కూడా నల్లవాడే అయితే ఈ తేడా కనపడలేదు. అంటే నల్లవాడి ప్రాణానికి అంత పట్టింపు లేదు కాబట్టి మొహం కూడా పరిశీలనగా చూడలేదేమో అనిపిస్తుంది మాకు.

అది అమెరికా కదా, అక్కడ జాతి, ఇక్కడ కులం, రెండూ ఒకటి కాదు కదా అని మా క్లాసులోనే ఒక మిత్రుడు వాదించాడు. నిజమే, రెండూ ఒకటి కాదు. కులం ఎప్పుడూ ఒంటి రంగులో కనపడదు. అందుకే ఇక్కడ మొహంతో పాటు ఇంటిపేరు, మాట యాస, ఉంటున్న వాడ పేరు, తండ్రి చేసే పని, గడ్డం, టోపీ అన్నీ కలిపి చూస్తారు.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాత పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. కేసులు నిలబడలేదు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి తలా 3 లక్షలు, మరో 50 మందికి తలా 20 వేలు పరిహారం ఇచ్చి, వాళ్ళ నడవడి మంచిదని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. నిర్దోషి అయినవాడు నేను నిర్దోషినని కాగితం జేబులో పెట్టుకు తిరగవలసి రావడం ఎంత అవమానమో ఆలోచించండి. మనకు కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాల కోసం తిరిగే అలవాటుంది కానీ, ఇలాంటి పత్రం ఎవరికీ అవసరం రాకూడదు.

అదే ఏడాది డిసెంబర్లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక ఆడపిల్లను ఆమె ఉంటున్న హాస్టల్లోనే చంపేశారు. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలందరినీ వణికించిన కేసు అది. పెద్దింటి మనుషుల మీద అనుమానాలు వచ్చాయి, ఊరేగింపులు జరిగాయి. చివరికి 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద దళిత యువకుడిని తెచ్చి ఇతనే అన్నారు. 2010లో శిక్ష పడింది. జైల్లో ఉండగా నరాల జబ్బుతో నడవలేని స్థితికి వచ్చాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్ళకు పైగా జైలు, లక్ష రూపాయలు! అతని తల్లి మొదటి నుంచీ నా కొడుకు చెయ్యలేదని మొత్తుకుంటూనే ఉంది. ఆమె మాట ఎవరికి వినపడింది? చనిపోయిన ఆ అమ్మాయికి మాత్రం న్యాయం జరిగిందా? 2018లో కేసు మళ్ళీ మొదటి నుంచి విచారించమని సీబీఐకి అప్పగించవలసి వచ్చింది. తప్పుడు మనిషిని పట్టుకోవడమంటే అసలు మనిషిని వదిలెయ్యడమేనన్నది చాలామంది ఆలోచించరు.

2019 సంగతి చెప్పడం ఇంకా కష్టం. హైదరాబాద్ శివార్లలో పశువుల డాక్టరమ్మ మీద జరిగిన ఘోరానికి మా అందరి రక్తం ఉడికింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు, లారీల మీద పనిచేసే పల్లెటూరి కుర్రాళ్ళు, పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యంగా లేదని, చంపాలనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. నివేదిక వచ్చిన రోజు పూలు చల్లినవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. మేము నేరాన్ని వెనకేసుకు రావడం లేదు. ఆ నలుగురూ దోషులో కాదో కోర్టు తేల్చాలి, ఆ అవకాశమే లేకుండా పోయింది. 2022 జూన్‌లో జూబ్లీహిల్స్‌లో మైనర్ బాలిక మీద అత్యాచారం కేసులో పలుకుబడి గల ఇళ్ళ పిల్లలు నిందితులైనప్పుడు ఎన్‌కౌంటర్ మాట చాలా తక్కువగా వినిపించింది. చట్టం తన దారిన తాను నడిచింది. అలా నడవడమే సరైనది. లారీ క్లీనర్‌కి కూడా అదే దారి ఉండాలని మా వాదన.

అంకెలు కావాలంటే అవీ ఉన్నాయి. 2019 చివరికి దేశంలోని జైళ్ళలో 4,78,600 మంది ఉంటే, వాళ్ళలో ఎస్సీలు 20.74 శాతం, ఎస్టీలు 11.14 శాతం అని కేంద్ర ప్రభుత్వమే 2021లో పార్లమెంటుకు చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. ఈ తేడా అంతా పక్షపాతం వల్లేనని మేము అనడం లేదు. పేదరికం ఉంది, వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేకపోవడం ఉంది, జామీను ఇచ్చే మనిషి దొరక్కపోవడం ఉంది. 2022 చివరికి జైళ్ళలో ఉన్నవాళ్ళలో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే. మొహం చూసి లోపలికి పంపిస్తారు, జేబు చూసి లోపలే ఉంచుతారు.

మా సంగతి కూడా ఒకటి చెప్పాలి. డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ ల్యాబ్‌లో ఒక అమ్మాయి సెల్‌ఫోన్ పోయింది. ఆ గదిలో అరవై మంది ఉన్నాం. "హాస్టల్ పిల్లలు ఇటు రండి, సంచులు తియ్యండి" అన్నారు. ఏడుగురం పక్కకు నిలబడ్డాం. పుస్తకాలు, పాత చొక్కా, న్యూస్‌పేపర్లో చుట్టిన పులిహోర, అన్నీ బల్ల మీద పరిచారు. మిగతా యాభై ముగ్గురు చూస్తున్నారు. సాయంత్రం ఆ అమ్మాయి నాన్నగారి కారు సీటు కింద ఫోన్ దొరికింది. మర్నాడు క్లాసు మామూలుగా జరిగింది. మా దగ్గరికి వచ్చి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి మా సీనియర్ అన్న ఒకాయన ఇచ్చిన సలహా ఏమిటంటే, "ఇస్త్రీ చొక్కా వెయ్యండ్రా, టక్ చెయ్యండి, ఇంగ్లీషులో మాట్లాడండి, అప్పుడు ఎవడూ మిమ్మల్ని అనుమానించడు". అన్న మంచికే చెప్పాడు. ఆయన బతుకులో అది పనిచేసింది కూడా. మేము మాత్రం ఆ సలహాతో ఏకీభవించం. ఇస్త్రీ చొక్కా వేసుకుంటే అనుమానం మా మీద నుంచి లేచి ఇస్త్రీ లేని ఇంకో తమ్ముడి మీద వాలుతుంది, అంతే. పొలం నుంచి నేరుగా వచ్చే మా నాన్నలకు టక్ ఎవరు చేస్తారు? బాబాసాహెబ్ అంబేద్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివి, మంచి సూటు వేసుకుని బరోడా వస్తే, కులం తెలియగానే బస నుంచి కర్రలతో వెళ్ళగొట్టలేదా? సూటు ఆయన్ని కాపాడలేదు.

ఇప్పుడు మొహాలు చూసే పని యంత్రాలకు కూడా అప్పగిస్తున్నారు. తెలంగాణ పోలీసులు 2018 నుంచి ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. యంత్రానికి కులం తెలియదు, కాబట్టి మంచిదే కదా అంటారు. జాయ్ బౌలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి యువతులు 2018లో పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లకు ఫోటోలు ఇచ్చి ఆడా మగా చెప్పమన్నారు. తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పు 0.8 శాతానికి మించలేదు, నల్లని ఆడవాళ్ళ విషయంలో 34.7 శాతం దాకా పోయింది. 2020 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ శివార్లలో యంత్రం పొరపాటున చూపించిన ఒక నల్లజాతి మనిషిని భార్యాబిడ్డల ముందే బేడీలు వేసి తీసుకుపోయారు. ఇక మన దగ్గర రాత్రిపూట ఎవరిని ఆపి ఫోటో తీస్తారు? కారులో పోయేవాడినా, బస్టాండు నుంచి సంచి భుజాన వేసుకుని నడిచిపోయేవాడినా? యంత్రంలోకి ఎవరి మొహాలు ఎక్కువ ఎక్కితే, అది రేపు వాళ్ళనే ఎక్కువగా చూపిస్తుంది. పాత జాబితాకు కొత్త పెట్టె.

కోర్టులు అసలేమీ చెయ్యలేదని అనకూడదు. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, హోదా గల ఖైదీకి బేడీలు అవసరమైతేనే, మామూలు ఖైదీకి ఎప్పుడూ అన్న పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని చెప్పారు. బడుగు వర్గాల వాళ్ళ పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కిస్తున్నారని 2024 మేలో సుప్రీంకోర్టు ఆందోళన పడింది. అదే ఏడాది అక్టోబర్ 3న, జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసెయ్యమని, విముక్త జాతుల వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యకుండా చూడమని తీర్పు ఇచ్చింది. డెబ్బై రెండేళ్ళు పట్టింది ఆ మాట అనడానికి. స్టేషన్ దాకా రావడానికి ఇంకెన్నేళ్ళో.

చట్టంలో ఉన్నవి మనకు తెలిసి ఉండాలి కాబట్టి కొన్ని రాస్తున్నాం. సాక్షి చేత నిందితుడిని గుర్తింపజేసే పరేడ్ మేజిస్ట్రేట్ ముందు జరగాలి, నిందితుడితో పాటు అతని పోలికలున్న ఇతరులను కూడా నిలబెట్టాలి. అంతకు ముందే పేపర్లోనో టీవీలోనో మొహం చూపించేస్తే ఆ పరేడ్‌కు విలువ ఉండదు. ప్రెస్‌మీట్లలో నల్లగుడ్డ కప్పేది అందుకే. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు కబురు చెయ్యాలి, ప్రయాణం పట్టే సమయం కాక 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. ఫోన్ నంబర్ 15100.

ఇంకొక్క మాట, ఇది మన హాస్టల్ లోపలి సంగతి. ఏ హాస్టల్లోనైనా ట్రంకు పెట్టె తాళం పగిలితే, ఎవరి మంచం దగ్గరికి ముందు నడుస్తారో గమనించండి. కొత్తగా చేరిన ఎరుకల పిల్లాడి దగ్గరికో, బుడగజంగాల పిల్లాడి దగ్గరికో నడిస్తే స్టువర్ట్ దొరకూ మనకూ తేడా ఏమిటి? పెట్టె పోతే అందరి పెట్టెలూ చూడాలి, లేదా ఎవరివీ చూడకూడదు. ఈ మాట వార్షికోత్సవం రోజు జరిగే సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెడుతున్నాం. వార్డెన్ సార్ గదికి, ట్యూటర్ల గదికి కూడా వర్తించాలా అని జూనియర్ తమ్ముడొకడు అడిగాడు. మంచి ప్రశ్నే, ఆ రోజే చర్చిద్దాం. లా చదువుతున్న మన పాత విద్యార్థులు ఇద్దరు కూడా వస్తామన్నారు. అరెస్టు, జామీను గురించి ఇంటి దగ్గర ఎవరికైనా అవసరం ఉన్నవాళ్ళు ఆ కాగితాలు వెంట తెచ్చుకోండి.